జహీరాబాద్ నేలను చదివాకే గీత గీయాలి

భూమిని సేకరించడానికి మన దేశంలో ఒక చట్టం ఉంది. 1894 నాటి బ్రిటిష్ చట్టం స్థానంలో 2013లో కొత్త చట్టం వచ్చి, 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఏ నేల సాగుకే ఉండాలి, ఏ నేల మీద ఫ్యాక్టరీ కట్టవచ్చు, ఏ వాగు పక్కన ఏమీ కట్టకూడదు అని ముందే తేల్చి చెప్పే చట్టం మాత్రం దేశస్థాయిలో లేదు. రాజ్యాంగం భూమినీ వ్యవసాయాన్నీ రాష్ట్రాల జాబితాలో ఉంచి, భూసేకరణను ఉమ్మడి జాబితాలో చేర్చింది. దీనివల్ల భూ వినియోగమనే పెద్ద ప్రశ్నకు జవాబు భూసేకరణ ఫైళ్లలోంచే వస్తోంది. ముందు ప్రాజెక్టు పుడుతుంది, దానికి ఇన్ని వేల ఎకరాలు కావాలని తేలుతుంది, రెవెన్యూ సిబ్బంది సర్వే నంబర్ల జాబితా తయారు చేస్తారు. ఆ జాబితాయే ఆ ప్రాంతానికి భూ వినియోగ ప్రణాళిక అయిపోతుంది. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పదేళ్లు దాటినా తెగని నిమ్జ్ అనే పారిశ్రామిక మండలం వ్యవహారాన్ని మొదటి నుంచి చూస్తే ఈ తలకిందుల పద్ధతి ఎలా పనిచేస్తుందో, ఒత్తిడి వచ్చినప్పుడు ఎటు వంగుతుందో స్పష్టంగా తెలుస్తుంది.

2011 నవంబరులో కేంద్రం జాతీయ తయారీ విధానాన్ని ప్రకటించింది. దేశంలో అక్కడక్కడా భారీ పారిశ్రామిక మండలాలు, అంటే జాతీయ పెట్టుబడుల, తయారీ మండలాలు ఏర్పాటు చేయాలన్నది అందులో ముఖ్యాంశం. ఆ పేరుకు ఇంగ్లీషు పొడి అక్షరాలే నిమ్జ్. అప్పటి మెదక్ జిల్లాలోని న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 17 గ్రామాల పరిధిలో 12,635 ఎకరాలను ఇందుకు ఎంచుకున్నారు. 2016 జనవరిలో కేంద్రం తుది ఆమోదం ఇచ్చింది. 2022 జూన్‌లో ఎల్గోయి దగ్గర 511 ఎకరాల్లో ఒక రక్షణ పరికరాల సంస్థకు శంకుస్థాపన జరిగింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక నగరాలకు పచ్చజెండా ఊపినప్పుడు ఓర్వకల్లు, కొప్పర్తితో పాటు జహీరాబాద్ కూడా ఆ జాబితాలో ఉంది. హైదరాబాద్–నాగపూర్ కారిడార్‌లో భాగంగా మొదటి దశకు 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయలు అన్నారు. తయారీ మండలం కాస్తా ఇప్పుడు స్మార్ట్ నగరమైంది. పథకం పేరు మారింది, నిధులిచ్చే పద్దు మారింది, విస్తీర్ణం మారింది. ఊళ్లు మాత్రం అవే.

ఆ 12,635 అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. జాతీయ తయారీ విధానం ప్రకారం ఇలాంటి ఒక్కో పారిశ్రామిక మండలానికి కనీసం 5,000 హెక్టార్లు ఉండాలి. ఎకరాల్లోకి మారిస్తే 12,355. జహీరాబాద్‌లో గీసిన సరిహద్దు ఈ కనీస పరిమితిని 300 ఎకరాలు కూడా మించలేదు. అంటే ఈ ప్రాంతంలో పరిశ్రమలకు అనువైన నేల ఎంత ఉంది, ఎక్కడెక్కడ ఉంది అని వెతికితే తేలిన లెక్కలా ఇది కనిపించదు. ఢిల్లీ పెట్టిన అర్హత గీతను దాటడానికి ఎన్ని సర్వే నంబర్లు కలపాలో అన్ని కలిపినట్టే కనిపిస్తుంది. తుది ఆమోదం ఇచ్చిన ఎనిమిదేళ్ల తర్వాత అదే కేంద్రం మొదటి దశ పనికి ఒప్పుకున్నది 3,245 ఎకరాలు, మొత్తంలో నాలుగో వంతు. ఆ కాస్త నేలతో పని మొదలుపెట్టగలిగితే మిగిలిన 9,390 ఎకరాలను ఇన్నేళ్లూ సరిహద్దు లోపల ఉంచాల్సిన అవసరం ఏమిటన్న ప్రశ్న సహజంగా వస్తుంది. జాతీయ తయారీ విధానం సాగుకు పనికిరాని బంజరు నేలలకే ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చెప్పింది. ఒకేచోట అయిదు వేల హెక్టార్ల బంజరు దొరకడం తెలంగాణలో ఎక్కడైనా కష్టమే. పరిమాణం, నాణ్యత రెండింట్లో ఏదో ఒకటి వదులుకోవలసి వచ్చింది, మన అధికారులు నాణ్యతను వదిలేశారు.

వదిలేసిన ఆ నాణ్యత ఏమిటో దగ్గరగా చూడాలి. జహీరాబాద్ చుట్టూ రెండు రకాల నేలలు పక్కపక్కనే ఉంటాయి. ఒకవైపు తేమను నెలల తరబడి పట్టి ఉంచే నల్లరేగడి. వానలు వెనక్కి తగ్గాక కూడా ఆ తేమ మీదే యాసంగి జొన్న, శనగ, కుసుమ, అవిసె పండుతాయి. బోరు అక్కర్లేదు, కాలువ అక్కర్లేదు. మరోవైపు ఎర్రటి, గరుకైన నేల, అక్కడక్కడా చెల్కలు. ఇందులో వానాకాలం మొదట్లోనే కంది, జొన్న, పెసర, మినుము, కొర్ర, సామ, అలసంద, నువ్వు సాళ్లు మార్చి మార్చి ఒకే చేలో వేస్తారు. పెసర ముందు కోతకొచ్చి పండుగ ఖర్చులకు అందుతుంది, జొన్న తిండికి, చొప్ప పశువులకు, కంది చివరికి అమ్మకానికి. వాన ముందు దెబ్బతీస్తే ఒక పంట పోతుంది, వెనక దెబ్బతీస్తే ఇంకొకటి పోతుంది, అన్నీ ఒక్కసారి పోవడం అరుదు. విత్తకుండానే మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, చెంచలికూర కూలికి పోయే ఇళ్లకు వానాకాలమంతా కూరకు ఆధారం. ఎవరి చేలో మొలిచినా కలుపు తీసే ఆడవాళ్లు కోసుకుపోతారు. చేను పట్టా ఒకరిదే అయినా దాని మీద బతికే ఇళ్లు చాలా ఉంటాయి.

ఈ సాగుకు ప్రపంచస్థాయి గుర్తింపు వచ్చింది కూడా ఇక్కడే. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా దళిత మహిళల సంఘాలతో కలిసి విత్తన బ్యాంకులు పెట్టింది. పడావు పడ్డ అసైన్డ్ చెల్కలను 1990ల్లో మళ్లీ సాగులోకి తెచ్చి, పండిన జొన్నతో ఊళ్లోనే ధాన్య నిధి నడిపింది. ఏటా సంక్రాంతి నుంచి ఊరూరా పాత పంటల జాతర తిరుగుతుంది. 2008లో ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో ఆ మహిళలే సంఘం రేడియో మొదలుపెట్టారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంస్థకు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటింపజేసింది మన దేశమే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని చిరుధాన్య పరిశోధన సంస్థను ప్రపంచస్థాయి కేంద్రంగా తీర్చిదిద్దుతామని ఆ ఏడాది కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. చిరుధాన్యాలను దేశం నెత్తిన పెట్టుకున్న ఆ సంవత్సరంలోనూ వాటిని నిలబెట్టిన మండలాల్లో భూసేకరణ ప్రక్రియ ఆగలేదు. ఒక మంత్రిత్వ శాఖ పెంచాలన్న పంట నేలనే ఇంకో మంత్రిత్వ శాఖ అడుగుతోందని ఒకరికొకరు చెప్పుకునే వేదిక ప్రభుత్వంలో ఎక్కడా లేకపోవడమే దీనికి కారణం.

రికార్డుల్లో ఈ నేల ఎలా కనిపిస్తుందో చూస్తే సమస్య ఇంకా లోతుగా అర్థమవుతుంది. సీజన్ వారీ పంటల నమోదులో ఒక సర్వే నంబరుకు సాధారణంగా ఒక ప్రధాన పంట పేరే ఎక్కుతుంది. ఎనిమిది రకాలు వేసిన చేను కాగితం మీద కంది చేనే. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా తయారయ్యే బంజరు భూముల అట్లాసులో పశువుల మేత భూములూ, పలచటి పొదలున్న చెల్కలూ బంజరు వర్గాల్లోకే పోతాయి. 2013 చట్టంలో ఆహార భద్రత కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయం పెట్టారు. నీటి వసతి ఉండి బహుళ పంటలు పండే భూమిని గత్యంతరం లేనప్పుడే, అదీ ఒక పరిమితికి లోబడే తీసుకోవాలని సెక్షన్ 10 చెబుతుంది. తీసుకున్నంత విస్తీర్ణంలో సాగుకు పనికొచ్చే బంజరును అభివృద్ధి చేయాలని కూడా అంటుంది. వాన తేమతో రెండు కార్లు పండే న్యాల్‌కల్ నల్లరేగడికి కాలువ లేదు, చాలాచోట్ల బోరూ లేదు. కాబట్టి అది చట్టం దృష్టిలో నీటి వసతి ఉన్న బహుళ పంటల భూమి కాదు. నీళ్లు తోడకుండా పండించడమే ఈ నేల గొప్పతనం. దాన్ని బలహీనతగా లెక్కకట్టే కొలమానం తెలంగాణ మెట్ట ప్రాంతాలన్నింటికీ అన్యాయం చేస్తుంది.

అయినా సెక్షన్ 10 పూర్తిగా నిరుపయోగం కాదు. మెట్ట భూములకు కూడా జిల్లా నికర సాగు విస్తీర్ణంలో ఇంతకు మించి తీసుకోకూడదన్న పరిమితి పెట్టాలని అందులోనే ఉంది. ప్రాజెక్టుకు ముందు సామాజిక ప్రభావ అంచనా వేయాలని అదే చట్టంలోని రెండో అధ్యాయం చెబుతుంది. ఈ రెండు అధ్యాయాల గతి ఏమైందో చెప్పుకోవాలి. 2014 డిసెంబరు 31న కేంద్రం ఒక ఆర్డినెన్సు తెచ్చి పారిశ్రామిక కారిడార్లు సహా అయిదు రకాల ప్రాజెక్టులను ఈ అధ్యాయాల నుంచి మినహాయించాలని చూసింది. పార్లమెంటులో అది నెగ్గలేదు, 2015 ఆగస్టులో ఆ ప్రయత్నం మురిగిపోయింది. తర్వాత దారి మారింది. రాష్ట్రాలు తమ శాసనసభల్లో అవే సవరణలు చేసి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. గుజరాత్ తర్వాత తెలంగాణ ఆ పని చేసింది. 2016 డిసెంబరులో ఆమోదించిన బిల్లు 2017లో చట్టమైంది, 2014 జనవరి 1 నుంచే వర్తించేలా రాశారు. అందులోని సెక్షన్ 10ఎ ప్రకారం పారిశ్రామిక కారిడార్ల లాంటి ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి, ఆహార భద్రత అధ్యాయం నుంచి ప్రభుత్వం ఒక్క నోటిఫికేషన్‌తో మినహాయించవచ్చు.

తెలంగాణకు ఈ సవరణ అవసరం ఎందుకు పడిందో వెతికితే మళ్లీ జహీరాబాద్ దగ్గరికే వస్తాం. 2015 జూలై 30న రాష్ట్ర ప్రభుత్వం జీవో 123 ఇచ్చింది. అమ్మడానికి ఇష్టపడ్డ రైతుల దగ్గర నేరుగా భూమి కొనడానికి అది వీలు కల్పించింది. 2013 చట్టంలో రైతుతో పాటు ఆ భూమి మీద ఆధారపడి బతికే కూలీలకూ చేతివృత్తుల వాళ్లకూ పునరావాసం ఉంది, జీవోలో వాళ్ల ఊసే లేదు. నిమ్జ్ కోసం భూములు పోతున్న ఊళ్ల వ్యవసాయ కూలీలు హైకోర్టుకు వెళ్లారు. 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది, కూలీలకు కొన్ని ప్రయోజనాలు కలుపుతూ వేరే జీవోలు తెచ్చింది, చివరికి చట్టాన్నే సవరించుకుంది. భూమి లేని మనుషులు కోర్టు మెట్లెక్కి తెచ్చుకున్న తీర్పుకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఇది. మన భూ వ్యవస్థ మారదని, మొండిదని అనేవాళ్లు ఈ వరస చూడాలి. అది చాలా చురుగ్గా మారుతుంది. జీవో నిలవకపోతే సవరణ, కేంద్రంలో కుదరకపోతే రాష్ట్రంలో, ఒక పథకానికి ఊపు తగ్గితే ఇంకో పథకం పేరుతో. నేల గురించీ, నీటి గురించీ, దాని మీద బతికే వాళ్ల గురించీ కొత్తగా తెలిసిన విషయం వల్ల అది తన నిర్ణయాన్ని మార్చుకున్న సందర్భం మాత్రం ఈ పదేళ్ల కథలో నాకు కనిపించలేదు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

ఈ మధ్యలో సరిహద్దు లోపలి రైతు ఎలా బతకాలి? రేపో మాపో పోతుందనుకున్న భూమిలో బోరు వేయడానికి, గట్టు కట్టడానికి, మామిడి మొక్క నాటడానికి ఎవరికి మనసొప్పుతుంది? అమ్ముకుందామంటే నిమ్జ్ పేరు విన్న కొనుగోలుదారు వెనక్కి తగ్గుతాడు. లేదంటే పరిహారం పెరుగుతుందని పందెం కాసే దళారీ వస్తాడు. అసైన్డ్ భూమి ఉన్నవాళ్ల స్థితి ఇంకా ఘోరం. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వాళ్లను అమ్ముకోనివ్వదు, ప్రభుత్వం మాత్రం ప్రజావసరం పేరుతో వెనక్కి తీసుకోగలదు. రాళ్లు ఏరి, పెంట తోలి, తరం పాటు కష్టపడి బాగు చేసుకున్న చెల్కకు రికార్డులో ఇప్పటికీ లావణి పట్టా అన్న ముద్రే. తీసుకున్న భూమిని అయిదేళ్లలో వాడకపోతే పాత యజమానికి గానీ ప్రభుత్వ భూ నిధికి గానీ తిరిగి చేర్చాలని 2013 చట్టం సెక్షన్ 101 అంటుంది. ఆ రెండింట్లో దేన్ని ఎంచుకోవాలో ప్రభుత్వ ఇష్టం. పైగా అది స్వాధీనం చేసుకున్న భూమికే వర్తిస్తుంది. ఇంకా తీసుకోని, వదిలిపెట్టని, సరిహద్దు గీత లోపల ఉంచేసిన భూమికి ఏ గడువూ లేదు. ఇదే న్యాల్‌కల్ మండలంలో డప్పూర్, మల్గి, వడ్డి గ్రామాల్లో ఔషధ పరిశ్రమల కోసం మరో 2 వేల ఎకరాల ప్రతిపాదన 2024లో వచ్చింది, అక్కడా రైతులు రోడ్డెక్కారు. ఒకే మండలం మీద ఒకదాని తర్వాత ఒకటి ప్రాజెక్టులు పడుతుంటే వాటన్నింటి భారం కలిపి ఎంతవుతుందో లెక్కగట్టే బాధ్యత ఏ ఒక్క కార్యాలయానిదీ కాదు.

లెక్కగట్టే శక్తి లేక ఇలా జరుగుతోందా అంటే, అదీ లేదు. నాగపూర్‌లో జాతీయ నేలల సర్వే, భూ వినియోగ ప్రణాళిక బ్యూరో 1976 నుంచి ఉంది. పేరులోనే భూ వినియోగ ప్రణాళిక ఉన్న సంస్థ అది. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దేశమంతటి భూ వినియోగ చిత్రాలు తయారు చేస్తుంది. స్వామినాథన్ కమిషన్ సిఫార్సుల నుంచి వచ్చిన 2007 జాతీయ రైతు విధానం మంచి సాగు నేలను అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఇతర అవసరాలకు ఇవ్వకూడదంది. 2013లో కేంద్ర భూ వనరుల శాఖ జాతీయ భూ వినియోగ విధానం ముసాయిదా రాసింది, అది ముసాయిదాగానే మిగిలిపోయింది. రాజ్యాంగంలోని 243జడ్‌డి అధికరణం ప్రతి జిల్లాకూ ప్రణాళికా కమిటీ ఉండాలని, పంచాయతీల, మున్సిపాలిటీల ప్రణాళికలను అది క్రోడీకరించాలని 1990ల ఆరంభం నుంచి చెబుతోంది. జిల్లాలో నేల, నీళ్లు ఎలా పంచుకోవాలో తేల్చడం ఆ కమిటీ పని. నిజాం కాలపు సర్వే సెటిల్‌మెంట్‌లో సైతం శిస్తు కట్టడానికి చేను చేనుకూ నేల తరగతిని అణాల్లో నిర్ణయించారు. పన్ను కోసమైనా ఆనాటి రాజ్యం నేలను చదివింది. ఈనాడు అంతకు ఎన్నో రెట్లు సమాచారం మన దగ్గర ఉన్నా, సేకరణ నోటిఫికేషన్ రాసే అధికారి అది చూసి తీరాలన్న నిబంధన లేదు.

చూసి తీరాలన్న నిబంధన పెట్టిన దేశాలు లేకపోలేదు. స్విట్జర్లాండ్ చాలా చిన్న దేశం, సగానికి పైగా కొండలే. 1992లో అక్కడి ఫెడరల్ ప్రభుత్వం పంట మార్పిడికి అనువైన మంచి సాగు నేల కనీసం 4,38,460 హెక్టార్లు ఎప్పటికీ నిలవాలని నిర్ణయించి, ఒక్కో రాష్ట్రం వంతు ఎంతో పంచింది. ఏ గ్రామంలో ఏ పొలం అందులోకి వస్తుందో తేల్చుకోవడం రాష్ట్రాలకే వదిలింది. 2020లో ఆ ప్రణాళికను సవరించి నేల నాణ్యత సమాచారానికి మరింత ప్రాధాన్యం ఇచ్చింది. అంటే వ్యవస్థ మారింది, కొత్త సమాచారాన్ని బట్టి మారింది. మన దేశంలోనే కేరళ 2008లో వరి పొలాలు, చిత్తడి నేలల రక్షణ చట్టం తెచ్చి, పంచాయతీ స్థాయిలో పొలాల డేటా బ్యాంకునూ స్థానిక పర్యవేక్షణ కమిటీలనూ పెట్టింది. 2018లో ఫీజు తీసుకుని సడలింపులివ్వడంతో అది కొంత బలహీనపడిందన్నదీ నిజమే. చైనా 180 కోట్ల మూ, అంటే 12 కోట్ల హెక్టార్ల సాగు నేల తగ్గకూడదని ఎర్రగీత గీసింది. కానీ నగరాల పక్కన సారవంతమైన మైదానం పోగొట్టి, దానికి బదులు కొండవాలు నేలను లెక్కలో చూపడం అక్కడ పెద్ద సమస్యగా మారింది. విస్తీర్ణం ఒక్కటే కొలిస్తే ఏమవుతుందో ఈ అనుభవం చెబుతుంది. జహీరాబాద్‌లో నల్లరేగడి తీసుకుని ఎక్కడో గుట్టల కింద బంజరు చదును చేస్తే సరిపోతుందనే వాదనకు ఇదే జవాబు.

ఇక ఎదురయ్యే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది ఉపాధి. హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరంలో, ముంబయి రహదారి మీద, రైలు మార్గం కూడా ఉన్న జహీరాబాద్‌లో పిల్లలు చదువుకుని ఊళ్లో పనిలేక నగరానికి పోతున్నారు, వాళ్లను జొన్న చేలకు కట్టేస్తారా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జహీరాబాద్‌కు పరిశ్రమ కొత్త కాదు, మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం అక్కడే ఉంది. అలాంటి ఫ్యాక్టరీలకు కావలసింది వందల ఎకరాలు. పన్నెండు వేల ఎకరాలు ఎవరికీ ఒక్కసారిగా అక్కర్లేదు. రక్షణ సంస్థకు ఇచ్చింది 511 ఎకరాలే. జాతీయ తయారీ విధానం ప్రకారమే పారిశ్రామిక మండలంలో తయారీ యూనిట్లకు కనీసం 30 శాతం కేటాయిస్తే చాలు, మిగిలింది నివాసాలకు, వాణిజ్యానికి, రోడ్లకు పోవచ్చు. ఉద్యోగాల లెక్క చూసి భూమి అడిగితే అడిగే విస్తీర్ణం బాగా తగ్గుతుంది. ఇంకో సంగతి ఈ జిల్లాలోనే ఉంది. 1970ల నుంచి పెరిగిన పటాన్‌చెరు పారిశ్రామిక వాడ వేలమందికి పని చూపింది, నక్కవాగునూ చుట్టుపక్కల చెరువులనూ విషంతో నింపింది కూడా. 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆ కేసు హైకోర్టుకు, అక్కణ్నుంచి హరిత ట్రైబ్యునల్‌కు చేరి 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్లు. ఏ పరిశ్రమ ఏ వాగు ఎగువన రావచ్చో ముందు తేల్చుకోకపోతే తర్వాత కోర్టుల్లో తేల్చుకోవడానికి పట్టే కాలం అది. జహీరాబాద్ ప్రాంతంలో నారింజ వాగు కర్ణాటక వైపు పారి కారంజా జలాశయంలో కలుస్తుంది. ఇక్కడ పొరపాటు జరిగితే ఆ భారం బీదర్ పల్లెలు కూడా మోయాలి.

ప్రణాళిక పేరుతో మళ్లీ లైసెన్సు రాజ్యం వస్తుందని, ఒకసారి గీసిన గీత మారక అభివృద్ధి ఆగిపోతుందని ఇంకొందరి భయం. ఇన్నాళ్లూ నడిచిన పద్ధతి స్వేచ్ఛగా ఉందా? వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడానికి 2006లో వచ్చిన నాలా చట్టం కింద ఆర్డీవో విచారణ చేయాల్సి ఉండేది. ధరణి పోర్టల్ వచ్చాక 2020 నుంచి ఫీజు కట్టి స్లాట్ బుక్ చేసుకుంటే తహసీల్దారు దగ్గర పని అయిపోయేది. ఆ పొలం ఏ నేల, పక్కన చెరువు శిఖం ఉందా, ఊరికి తాగునీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి అన్న ప్రశ్నలకు ఆ ప్రక్రియలో చోటు ఉండేది కాదు. మరోవైపు 1996లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల రక్షణకు 84 గ్రామాల్లో ఆంక్షలు పెట్టిన జీవో 111 పాతికేళ్లు నిలిచి, 2022 ఏప్రిల్‌లో ఇంకో జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేసేదాకా వచ్చింది. అక్కడి రైతులకు పాతికేళ్లూ పరిహారం లేకుండా ఆంక్ష, ఆ తర్వాత సరైన శాస్త్రీయ చర్చ ముగియకుండానే సడలింపు. ఆంక్షయినా సడలింపయినా ఒక సంతకంతో రావడం, ఒక సంతకంతో పోవడమే అసలైన అనిశ్చితి. పదేళ్ల ప్రణాళిక ఉండి, అయిదేళ్లకోసారి బహిరంగంగా సమీక్ష జరిగితే పెట్టుబడిదారుకూ రైతుకూ ఇద్దరికీ రేపు ఏమిటో తెలుస్తుంది. పరిశ్రమలకు కేటాయించిన నేల ముందే తేలితే అక్కడ గొడవ లేకుండా పని జరుగుతుంది. జహీరాబాద్‌లో ఇన్నేళ్లు ఆలస్యమైంది ప్రణాళిక లేకపోవడం వల్లనే.

రైతులే చిరుధాన్యాలు మానేసి పత్తికి, చెరకుకు, అల్లానికి పోతున్నారు, మంచి ధర ఇస్తే అమ్ముకుంటారు, మధ్యలో మీకేమిటి అన్నది మూడో మాట. పత్తి విస్తరణ నిజం. మంచి ధరకు అమ్ముకునే హక్కు రైతుదే, దాన్ని కాదనే అధికారం ఎవరికీ ఉండకూడదు. అయితే సేకరణ హెచ్చరిక తల మీద వేలాడుతుండగా ఇచ్చే సమ్మతిని స్వేచ్ఛగా చేసిన అమ్మకం అనలేం. రిజిస్ట్రేషన్ విలువల ఆధారంగా ప్రభుత్వం కట్టే ధర, సరిహద్దు దాటిన వెంటనే రియల్ ఎస్టేట్ పలికే ధర ఒక్కటి కావు. ఆ తేడా ఎవరి జేబులోకి పోతుందో ముంబయి రహదారి పక్కన వెలిసిన వెంచర్లు చెబుతాయి. పత్తి వేసిన నేల మళ్లీ జొన్నకు రావచ్చు, చాలా ఊళ్లలో అలా వచ్చింది కూడా. కాంక్రీటు పోసిన నల్లరేగడి మాత్రం తిరిగి రాదు. తిరిగి రాని నిర్ణయాలకు ఎక్కువ విచారణ అవసరం. మన చట్టాల్లో సరిగ్గా అలాంటి నిర్ణయాలకే విచారణ మినహాయింపు ఉంది.

రాష్ట్రాల అధికారంలో కేంద్రం వేలు పెట్టకూడదని వాదించేవాళ్లతో నాకు పేచీ లేదు. ఢిల్లీలో కూర్చుని న్యాల్‌కల్ పొలాలకు రంగులు వేయాలని ఎవరూ కోరరు. అయిదు వేల హెక్టార్ల నియమంతో ఢిల్లీ చేసింది సరిగ్గా అదే కాబట్టి, రాష్ట్రాల స్వతంత్రం కోరేవాళ్లకే ఈ మార్పు ఎక్కువ అవసరం. జాతీయస్థాయిలో ఉండాల్సింది కొలమానాలు, కనీస హద్దులు. నేల తరగతులు ఏవి, వాన తేమతో రెండు కార్లు పండే నేలను ఎలా లెక్కించాలి, ఒక జిల్లాలో ఎంత సాగు నేల తగ్గకూడదు అన్నవి అక్కడ తేలాలి. ఏ చేను ఏ తరగతి అన్నది జిల్లా ప్రణాళికా కమిటీ, గ్రామసభలు కలిసి తేల్చాలి. పంటల నమోదులో అంతర పంటలన్నీ రాయాలి, కూలి ఇళ్ల ఆధారాన్ని కూడా ఆ లెక్కలోకి తేవాలి. ఆ పని చేయడానికి సంగారెడ్డి జిల్లాలో తగినంత అనుభవం ఉంది. ఏ నేలకు ఏ విత్తనమో నలభై ఏళ్లుగా లెక్క రాసుకున్న మహిళా సంఘాలు పస్తాపూర్ చుట్టూనే ఉన్నాయి.

జహీరాబాద్‌కు మాత్రం అంతదాకా ఆగక్కర్లేదు. తెలంగాణ శాసనసభ తన 2017 సవరణలో సెక్షన్ 10ఎ నుంచి ఆహార భద్రత అధ్యాయాన్ని తప్పిస్తే, కారిడార్ ప్రాజెక్టులు కూడా జిల్లా సాగు విస్తీర్ణ పరిమితికి లోబడి వస్తాయి. దీనికి ఢిల్లీ కొత్త పథకమేదీ అక్కర్లేదు, చేసిన సవరణను సవరించుకుంటే చాలు. 3,245 ఎకరాల మొదటి దశ లోపలే ముందు పరిశ్రమలు నింపి, అవి ఎంత నీళ్లు తీసుకుంటున్నాయి, ఎంతమందికి పని ఇచ్చాయి, అందులో ఈ 17 గ్రామాల వాళ్లు ఎంతమంది అన్నది ఏటా బయటపెట్టాలి. దాని వెలుపలి 9,390 ఎకరాల్లో ఇంకా తీసుకోని ప్రతి సర్వే నంబరుకూ తేదీ రాయాలి. ఫలానా ఏడాదిలోపు పరిహారం అవార్డు ఇవ్వకపోతే ఆ నంబరు జాబితా నుంచి పోతుందని, దాన్ని ఇంకో పథకం పేరుతో తిరిగి చేర్చరని రాతపూర్వకంగా ఉండాలి. తీసుకుని వాడకుండా ఉంచిన భూమి భూ నిధికి కాకుండా పాత యజమానికే చెందాలి, అసైన్డ్ భూమి అయినా సరే. పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ దగ్గర ఆ సర్వే నంబర్ల జాబితా ఇప్పటికే ఉంది. ఏది ఎప్పటికి కావాలో, ఏది అక్కర్లేదో పక్కన రాసి 17 గ్రామ పంచాయతీల గోడల మీద అంటించడానికి ఒక నెల చాలు.